ఉగ్గాని మానేయమనలేదు, అదే నచ్చింది

మా తమ్ముడు సైకోసిస్‌కి (లేనివి వినిపించడం, లేనిపోనివి నమ్మడం లాంటి మానసిక జబ్బు) ఒలాంజపిన్ అనే మందు వాడుతున్నాడు, ఆ మందుతో ఆకలి బాగా పెరుగుతుంది, రాత్రి పదకొండుకి లేచి గిన్నె అడుగున మిగిలిన అన్నం కూడా గీరుకుని తినేవాడు, ఏడాదిలో 14 కిలోలు పెరిగాడు. అనంతపురంలో మేం వెళ్లే డైట్ సెంటర్ మేడమ్ వాణ్ని తిండిపోతు అనలేదు, మందు ఆపమనీ అనలేదు. బరువు, నడుము కొలిచి, షుగర్, కొలెస్ట్రాల్ రిపోర్టులు డాక్టరుకి చూపించమన్నారు. ఆదివారం ఉగ్గాని ఓకే, బజ్జీ మాత్రం ఒక్కటే! రాత్రికి చిన్న సంగటి ముద్ద, ఆకుకూర పప్పు ఎక్కువ. కూల్‌డ్రింక్ బంద్. పొద్దున మందు మత్తు వదలదని నడక సాయంత్రానికి మార్చారు, మొదట్లో పది నిమిషాలే. వాళ్ల పక్కనున్న జిమ్ మాత్రం దండగ, పాటల మోతకి వాడు చెవులు మూసుకుని బయటికొచ్చేస్తే ట్రైనర్ నవ్వాడు, డబ్బులూ తిరిగివ్వలేదు. మూడు నెలల్లో తగ్గింది రెండు కిలోలే. అయితే సాయంత్రం ఐదున్నరయ్యేసరికి నడకకి వాడే చెప్పులు వెతుక్కుంటున్నాడు.