"పదహారున్నర గంటల్లో డల్లాస్" అన్న ఏజెంట్‌తో జాగ్రత్త, ముఖ్యంగా పెద్దవాళ్ళకి టికెట్లు తీసేవాళ్ళు

ఒళ్ళు మండిపోతూ రాస్తున్నా, అటూ ఇటూ అయితే సర్దుకోండి. పేరు రాయను. డల్లాస్‌లో మనవాళ్ళు సగం మంది ఆయన దగ్గరే తీస్తారు కాబట్టి ఎవరో మీకే తెలుస్తుంది.

అమ్మానాన్నలకి హైదరాబాద్ నుంచి టికెట్లు. "తెల్లవారుజామున 4కి ఎక్కితే అదే రోజు రాత్రి 8:30కి మీ దగ్గరుంటారండీ, పదహారున్నర గంటలే" అన్నాడు. శంషాబాద్ నుంచి డల్లాస్‌కి ఉత్తర ధ్రువం పక్కనుంచి తిన్నగా పోయినా సుమారు 14,400 కిలోమీటర్లు. ఎక్కడా దిగకుండా ఎగిరే విమానం ఉంటే (లేదు) దానికే పదహారు గంటలు. ఈయన దుబాయ్‌లో ఒకసారి, న్యూయార్క్‌లో ఒకసారి మార్పించి అంతలోనే దింపేస్తాడట! ఇక్కడి గడియారంలోంచి అక్కడి గడియారం తీసేసి చెప్పిన లెక్క అది. మధ్యలో పదిన్నర గంటల తేడా గాల్లో కలిసిపోయింది. అసలు ప్రయాణం 27 గంటలు.

అది కూడా ఓర్చుకునేవాళ్ళమే. మధ్యాహ్నం న్యూయార్క్‌లోని జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టులో దిగారు. ఇమిగ్రేషన్ లైను, నాలుగు పెద్ద సూట్‌కేసులు, నాన్నకి వీల్‌చైర్. అమ్మ ఫోన్ చేసింది. "ఒరే నాన్నా, నీ దగ్గరికొచ్చే విమానం ఇక్కడ ఎక్కరంటరా, వేరే ఊరంట. వీల్‌చైర్ తోసే అబ్బాయి చెప్తున్నాడు" అని. టికెట్ తెరిచి చూస్తే దిగేది జేఎఫ్‌కే, ఎక్కేది న్యూవార్క్! అది న్యూయార్క్ కూడా కాదు, న్యూజెర్సీ. మధ్యలో మన్‌హట్టన్ ట్రాఫిక్. విమానానికి గంటన్నర కూడా లేదు.

ఏజెంట్‌కి ఫోన్ చేశా. ఇండియాలో అర్ధరాత్రి దాటింది, ఒప్పుకుంటా. ఎత్తగానే "ఈ టైంలో ఏంటండీ" అని విసుగు. విషయం చెప్తే, "రెండూ దగ్గరేగా, ట్యాక్సీ ఎక్కించండి. శంషాబాద్ నుంచి సికింద్రాబాద్ పోరా జనం?" అన్నాడు. ఇంగ్లీషు రాని అమ్మ, నడవలేని నాన్న, నాలుగు సూట్‌కేసులు అన్నా. "టికెట్ మీద రాసే ఉందిగా, చదువుకున్నవాళ్ళేగా మీరు" అని పెట్టేశాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తితే ఒట్టు. బుక్ చేసేటప్పుడు మాత్రం "అమ్మగారికి శాకాహారం పెట్టించానండీ" అని ఆయనే మూడు పూటలా ఫోన్లు.

చదువుకున్నవాళ్ళమే బాబూ. ఊళ్ళోవాళ్ళ కోడ్‌లో తప్పులు వెతికి జీతం తీసుకుంటా, అమ్మ టికెట్‌లో ఎయిర్‌పోర్టు కోడ్ మూడక్షరాలు చూసుకోలేదు.

పైగా జేఎఫ్‌కే దాకా టికెట్, న్యూవార్క్ నుంచి టికెట్ వేరువేరు పీఎన్ఆర్‌లు (బుకింగ్ నంబర్లు). మొదటి ఎయిర్‌లైన్, జేఎఫ్‌కే దాకానే మా బాధ్యత అంది. రెండోది, మీరు రాలేదు కాబట్టి టికెట్ పోయిందంది. రాత్రికి హోటల్, మర్నాటికి అప్పటికప్పుడు కొన్న టికెట్లు, లోకల్ విమానం కాబట్టి ఒక్కో సూట్‌కేసుకీ విడిగా డబ్బులు. ఏజెంట్ మిగిల్చానన్న డబ్బుకి ఎన్ని రెట్లు పోయిందో లెక్కేయాలంటే భయంగా ఉంది. నాన్న కాళ్ళు వాచిపోయి ఇంకా మంచం మీదే ఉన్నాడు.

దిగే ఎయిర్‌పోర్టు కోడూ ఎక్కే ఎయిర్‌పోర్టు కోడూ ఒకటేనా చూసుకోండి, మొత్తం ఒకే పీఎన్ఆర్ మీద అడగండి. గంటలు ఏజెంట్ నోటి నుంచి వినకండి. రెండు గడియారాల తేడాకి ఎండాకాలం అయితే పదిన్నర, చలికాలం అయితే పదకొండున్నర కలుపుకోండి. డిసెంబర్‌కి ఆయన దగ్గర ఆల్రెడీ తీసుకున్నవాళ్ళు ఇప్పుడే టికెట్ తెరిచి చూడండి.