ఫెయిర్‌హోటల్: అమెరికాలో గది బుక్ చేసుకునే ముందు చూడవలసిన సేవ

అమెరికాలో తరచూ ప్రయాణాలు చేసే తెలుగువారికి ఫెయిర్‌హోటల్ అనే ఉచిత వెబ్‌సైటును గట్టిగా సిఫారసు చేస్తున్నాను. హోటల్ కార్మికుల సంఘమైన యునైట్ హియర్ దీనిని నడుపుతోంది. వెళ్లబోయే ఊరి పేరుతో వెతికితే, అక్కడ సంఘం ఉన్న హోటళ్లు ఏవో, ఎక్కడ సమ్మె నడుస్తోందో, దేనిని బహిష్కరించమని కార్మికులు కోరుతున్నారో, ఎక్కడ వివాదం ముదిరే సూచన ఉందో తెలుస్తుంది. అల్పాహారం ఉందా, ఈతకొలను ఉందా అన్న వివరాలు పూసగుచ్చినట్టు చెప్పే బుకింగ్ సైట్లలో ఈ సమాచారం నాకెక్కడా కనబడలేదు.

దీని విలువ 2024లో శాన్ ఫ్రాన్సిస్కో సమ్మె సమయంలో నాకు బాగా అర్థమైంది. సుమారు 2,500 మంది కార్మికులు హిల్టన్, హయత్, మారియట్ సంస్థల హోటళ్ల ముందు 93 రోజులు పికెటింగ్ చేశారు. డిసెంబరు 24న సమ్మె ముగిసింది. జీతాలు, ఆరోగ్య బీమాతో పాటు పనిభారం కూడా అక్కడ ప్రధాన సమస్య. కోవిడ్ కాలంలో చాలా హోటళ్లు గదులను రోజూ శుభ్రం చేయించడం మానేశాయి. అది కార్మికులకు తెరిపి అనిపించవచ్చు గాని, నాలుగు రోజులు ఎవరూ ముట్టుకోని గదిలో స్నానాలగది పలకల మీద గట్టిపడిన సబ్బు మరకలు గీకి, పొర్లిపోయిన చెత్తబుట్టలు ఎత్తి, మంచం మీద దుప్పట్లన్నీ మార్చడం ఎంత శ్రమో ఆ పని చేసేవారికే తెలుసు. పైగా శుభ్రం చేసే రోజులు తగ్గితే వారికి దొరికే పని గంటలూ తగ్గుతాయి.

పికెట్ లైను, అంటే సమ్మె చేసేవారు హోటల్ ముందు నిలబడే వరుస, దాటకపోవడమంటే గది తీసుకోకపోవడం ఒక్కటే కాదు. ఆ హోటల్లో భోజనం చేయకూడదు, విందుకు గాని సమావేశానికి గాని వెళ్లకూడదు. మా ఇంట్లో ఈ నియమం ఖచ్చితంగా పాటిస్తాము. ఒకసారి సమ్మె కారణం చెప్పి బుకింగ్ రద్దు చేయమంటే, ఆ హోటల్‌వారు మొదట కుదరదన్నారు గాని, మేనేజరుతో మాట్లాడాక డబ్బు తిరిగి ఇచ్చారు. అడగడానికి మొహమాటపడవద్దు.

లోపాలూ ఉన్నాయి. పెద్ద నగరాలకు ఇది బాగా పనికొస్తుంది గాని, హైవే పక్క మోటళ్లే దిక్కైన చిన్న ఊళ్లకు అంతగా ఉపయోగపడదు. జాబితాలో లేని హోటల్లో అంతా సవ్యంగా ఉందని అనుకోవడానికీ లేదు. ఇది కార్మికుల పక్షాన నిలిచే సేవ. ఆ సంగతి దాచకపోవడమే నాకు నచ్చింది.

తానా, ఆటా, నాట్స్ వంటి అమెరికాలోని మన తెలుగు సంఘాల మహాసభల నిర్వాహకులు దీనిని తప్పక వాడాలి. అతిథుల కోసం ఒకేసారి వందల గదులు మాట్లాడుకునేటప్పుడే, సమ్మె గాని బహిష్కరణ గాని వస్తే జరిమానా లేకుండా రద్దు చేసుకునే షరతును ఒప్పందంలో రాయించుకోవాలి. సంతకాలయ్యాక అడిగితే హోటల్ ఒప్పుకోవడం కష్టం. అమెరికా చరిత్రకారుల సంస్థ 2005లో శాన్ ఫ్రాన్సిస్కో హోటళ్ల వివాదం కారణంగా తన వార్షిక సభను శాన్ హోసేకు మార్చుకుంది. కాబట్టి ఇది ఆచరణ సాధ్యం కాని కోరిక కాదు. వివాదాలు ఎప్పుడైనా తలెత్తవచ్చు గనుక, బుక్ చేసేటప్పుడు ఒకసారి, బయలుదేరే ముందు మరొకసారి ఈ సైటు చూసుకోవడం మంచిది.