ఐదు లీటర్ల కూల్ జగ్గు: బండల గనిలో మూడు ఎండాకాలాలు వాడాక

తాడిపత్రి వైపు బండల గనుల్లో మే నెలంటే పైన ఎండ, కింద రాతి సెగ. అక్కడ వాడుతున్నది కొళాయి ఉన్న ఐదు లీటర్ల ప్లాస్టిక్ కూల్ జగ్గు. పొద్దున ఆరింటికి నింపి నీడలో పెడితే మధ్యాహ్నం రెండు దాకా నీళ్లు చల్లగా ఉంటాయి. ఎండలో ఉత్త బండ మీద పెడితే పదకొండుకే గోరువెచ్చనవుతాయి. కింద తడి గోనెసంచి మడత వేయాల్సిందే.

ఐస్ ఫ్యాక్టరీ గడ్డ ఇందులో వేయొద్దు, అది తాగే నీళ్లతో చేసిందని నమ్మకం లేదు. లీటరు బాటిల్‌ను ముప్పావు వంతు నింపి రాత్రి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, మూత బిగించి అలాగే లోపల దించండి. నిండా పోస్తే బాటిల్ పగులుతుంది.

ఈ జగ్గు ఒక్క మనిషికే సరి. పావుగంటకో ఇరవై నిమిషాలకో గ్లాసుడు, అంటే 200 మిల్లీలీటర్లు తాగితే ఆరు నుంచి ఎనిమిది గంటల్లో అడుగంటుతుంది. దాహమయ్యేదాకా ఆగి చెంబెడు ఒక్కసారే తాగితే కడుపు బరువెక్కి పని సాగదు. గంటకు లీటరున్నర మించి ఉత్త నీళ్లే పోసుకుంటే ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. అప్పుడొచ్చే తలనొప్పి, వాంతులు చూసి వడదెబ్బనుకుని ఇంకా నీళ్లు పట్టిస్తారు. అదే ప్రాణం మీదికి తెస్తుంది.

ఓఆర్ఎస్ మాత్రం జగ్గులో కలపకండి. 20.5 గ్రాముల ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్లకు కొలిచింది, జగ్గులో ఆ కొలత నిలవదు. పైగా గ్లూకోజు కొళాయిలో జిగటపట్టి సాయంత్రానికి పులిసిన వాసన కొడుతుంది. వేరే బాటిల్లో కలిపి, 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్ మీద సోడియం క్లోరైడ్ 2.6, గ్లూకోజు 13.5 గ్రాములని ఉందో లేదో చూడండి. చెమట మరీ ఎక్కువ పోయని రోజు ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, సంగటి చాలు. బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే ఉప్పు పెంచాలి.

లోపం కొళాయిలోనే. రాతిపొడి చేరి వాషర్ అరిగిపోతుంది, చుక్కచుక్కగా పూట తిరిగేసరికి అర లీటరు పోతుంది. మూత రబ్బరు కింద నల్లటి బూజు పడుతుంది. వారానికోసారి ఊడదీసి వంటసోడాతో కడగాలి. అందుకే కొనేటప్పుడు కొళాయికి లోపల నట్టు ఉన్నదే చూసుకోండి. అతికించిన కొళాయైతే వాషర్ మార్చే వీలుండదు.