పాప్-అప్ క్యాంపర్‌లో గ్రాండ్ క్యాన్యన్, జయాన్, బ్రైస్: బసలు ఎలా ఉన్నాయి, డ్రిల్ మెషిన్ ఎంతవరకు పనికొచ్చింది

మేముండే అరిజోనాలోని చాండ్లర్‌లో స్కూళ్లకు అక్టోబరులో సెలవులిస్తారు, దసరా కూడా ఆ చుట్టుపక్కలే పడుతుంది, ఆ టైములో గ్రాండ్ క్యాన్యన్ దగ్గర హోటల్ కావాలంటే జేబు ఖాళీ చేసుకోవాల్సిందే. పైగా అత్తయ్యగారు, మామయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు, మాకు ఇద్దరు పిల్లలు, కాబట్టి ఎక్కడ ఆగినా రెండు రూములు. టెంటు వేసి నేల మీద పడుకోమని పెద్దవాళ్లతో అనలేం కదా. అందుకని ఒకాయన దగ్గర పాప్-అప్ క్యాంపర్ అద్దెకు తీసుకున్నాం. చూడనివాళ్ల కోసం చెప్తున్నా, ఇది మడిచినప్పుడు ఛాతీ ఎత్తు పెట్టెలాగా కారు వెనకాల వస్తుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో ఆపి హ్యాండిల్ తిప్పితే పైకప్పు లేస్తుంది, రెండు వైపులా మంచాలు బయటికి లాగితే గుడ్డ గోడల ఇల్లు రెడీ. లోపల చిన్న స్టవ్వు, సింకు, గ్యాసుతో నడిచే హీటరు. పప్పు, అన్నం, రసం హాయిగా వండుకోవచ్చు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఇందులో మోటారుతో నడిచేది ఒక్కటీ లేదు. ముందువైపు కారుకి తగిలించే చోట ఒక జాకీ, నాలుగు మూలలా బండి ఊగకుండా దన్నుగా నిలబడే నాలుగు జాకీలు, పైకప్పు ఎత్తే వించి (తీగ చుట్టుకునే గిలక), అన్నీ చేత్తో తిప్పాల్సినవే. ఊరు మారినప్పుడల్లా ఇవన్నీ విప్పాలి, మళ్లీ మడవాలి. కాబట్టి మేం ఆగిన చోట్లని నేను వ్యూ బట్టి కాదు, మోకాళ్ల మీద కూర్చుని ఎంతసేపు తిప్పాల్సి వచ్చిందన్నదాన్ని బట్టి తూకం వేస్తున్నా. ఆడవాళ్ల లెక్క వేరు, వాళ్లు బాత్రూముల్ని బట్టి చెప్తారు, అదీ మధ్యలో చెప్తాను.

క్యాంపర్ ఓనరు చాలా పద్ధతైన మనిషి. బండి అప్పగించే ముందు గంటకి పైగా నిలబెట్టి అంతా విప్పి చూపించాడు, ఒకసారి నాచేత కూడా చేయించాడు. ఒక సంచిలో 20 వోల్టుల డివాల్ట్ డ్రిల్లు, రెండు బ్యాటరీలు, పొడుగు సాకెట్ ఒకటి పెట్టి ఇచ్చాడు. ఈ మూల జాకీల చివర ఉండే నట్టు ముప్పావు అంగుళం ఆరు పలకలది, అంటే మన 19 మిల్లీమీటర్ల సాకెట్ దాదాపు సరిగ్గా పడుతుంది. డ్రిల్లుకి ఆ సాకెట్ తగిలించి ట్రిగ్గర్ నొక్కితే చేత్తో ఆపసోపాలు పడే పని చిటికెలో అయిపోతుంది. పైకప్పు వించి మీద మాత్రం చేత్తోనే తిప్పాలి, మోటారు వాడకూడదు అని స్టిక్కరు ఉంది. దాన్ని వేలుపెట్టి చూపించి, డ్రిల్లు మూలలకే, పైకప్పుకి కాదు అని రెండుసార్లు చెప్పాడు.

మొదటి బస గ్రాండ్ క్యాన్యన్ సౌత్ రిమ్‌లో, అంటే లోయ దక్షిణపు అంచున, మాథర్ క్యాంప్‌గ్రౌండ్. పార్క్ వాళ్లదే, ఆరు నెలల ముందే ఆన్‌లైన్లో బుకింగ్ తెరుస్తారు, తెరిచిన రోజే చేసుకుంటే నయం. పాండరోసా పైన్ చెట్ల కింద విశాలమైన సైట్లు, పక్కవాళ్లు కనపడీ కనపడనంత దూరం, నడిచి వెళ్లే దూరంలో పెద్ద కిరాణా కొట్టు, రిమ్ దాకా ఫ్రీ షటిల్ బస్సు. కరెంటు, నీళ్ల కనెక్షన్లు మాత్రం సైట్‌లో ఉండవు. నీళ్లు కుళాయి దగ్గర పట్టుకోవాలి, స్నానానికి డబ్బులు కట్టి షవర్లకి వెళ్లాలి. టాయిలెట్లు శుభ్రంగా ఉన్నాయని అత్తయ్యగారే సర్టిఫికెట్ ఇచ్చారు, అంతకంటే ఏం కావాలి. కరెంటు, నీళ్లు, డ్రైనేజీ అన్నీ కావాలంటే పక్కనే ట్రైలర్ విలేజ్ ఉంది కానీ అక్కడ బండ్లు వరసగా పార్కింగ్ లాట్‌లాగా ఉంటాయి, నాకైతే మాథరే నచ్చింది. ఆ సీజన్లో ఎల్క్‌లు, అంటే పెద్ద దుప్పులు, మనుషుల మధ్యే తిరుగుతుంటాయి, కొమ్ములున్న మగవాటికి అది జతకట్టే కాలం, ఫోటో కోసం దగ్గరికి పోవద్దు.

సెట్టింగ్ విషయానికొస్తే, ఆర్డరు ముఖ్యం. ముందు రసమట్టం పెట్టి అడ్డంగా చూసుకుని, పల్లంగా ఉన్న వైపు టైరు కింద ప్లాస్టిక్ దిమ్మెలు వేసి ఎక్కించాలి. తర్వాత చక్రాలకి రెండు వైపులా అడ్డు పెట్టాలి, అది లేకుండా కారు నుంచి విప్పితే బండి ఎటు పోతుందో చెప్పలేం. విప్పాక ముందు జాకీతో ముందూ వెనకా సరిచేయాలి. మా బండికి ఆ జాకీ హ్యాండిల్ రివెట్ కొట్టేసి ఉంది కాబట్టి డ్రిల్లుకి అక్కడ పని లేదు. ఆ తర్వాత పైకప్పు, చివరికి మూలలు. కొందరు మూలలు ముందు దించి తర్వాత పైకప్పు ఎత్తుతారు, మా ఓనరు ముందు కొద్దిగా తగిలించి, పైకప్పు లేచాక బిగించమన్నాడు, అలాగే చేశాం.

మూల జాకీ దగ్గర డ్రిల్లు ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే వీడియోల్లో ఇది చూపించరు. డ్రిల్లు పైన 1, 2 అని గేరు మీట ఉంటుంది, 1లోనే పెట్టాలి, స్పీడు తక్కువ, బలం ఎక్కువ. ముందున్న అంకెల రింగుని మధ్యలో ఎక్కడో పెడితే లోడు పెరగగానే టకటకమని జారిపోతుంది, అదే మనకి కావాల్సింది. జాకీ పాదం గాల్లో ఉన్నంతసేపు డ్రిల్లు హాయిగా జుయ్యిమంటుంది, నేలకి ఆనగానే ఆ శబ్దం బరువెక్కి కిందికి దిగుతుంది, సరిగ్గా అప్పుడు ట్రిగ్గర్ వదిలెయ్యాలి. వదలకుండా, పైగా రింగు జారకుండా గట్టిగా పెట్టి ఉంటే, సాకెట్ ఆగిపోయి డ్రిల్లే మన చేతిలో తిరుగుతుంది, మణికట్టు మెలి పడుతుంది. అందుకే రెండు చేతులతో పట్టుకోవాలి. ఆఖరి అరచుట్టు, ఒక చుట్టు చేతి హ్యాండిల్‌తోనే. ఈ జాకీలు బండి ఊగకుండా ఆపడానికే, బండిని ఎత్తడానికి కాదు. డ్రిల్లుకి ఆ తేడా తెలియదు, ఒక మూలని లేపేస్తుంది, ఫ్రేము మెలిక పడుతుంది, ఆ సంగతి ముందు తెలిసేది తలుపు దగ్గర. తలుపు చౌకట్టుకి రాసుకుని గడియ పడట్లేదంటే ఏదో ఒక మూల ఎక్కువ బిగించారని అర్థం.

మాథర్‌లో పక్క సైట్ ఆయన ఇంపాక్ట్ డ్రైవర్‌తో, అంటే దెబ్బలు కొడుతూ తిప్పే మిషన్‌తో చేశాడు. బలం బ్రహ్మాండంగా ఉంటుంది కానీ ఆ డగడగడగ చప్పుడుకి మా వరస సైట్లవాళ్లంతా తలలు తిప్పి చూశారు. ఈ పార్క్ క్యాంప్‌గ్రౌండ్లలో మామూలుగా రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నిశ్శబ్దంగా ఉండాలి. చీకటి పడ్డాక చేరితే, టైము దాటకపోయినా, చేత్తో తిప్పుకోవడమే మర్యాద. మామూలు డ్రిల్లు అంత ఇబ్బంది పెట్టదు. బ్యాటరీ చార్జింగ్‌కి సైట్‌లో ప్లగ్గు లేదు కాబట్టి కారు తిరిగేటప్పుడు ఇన్వర్టర్ మీద పెట్టేవాళ్లం.

పైకప్పు సంగతి. మామయ్యగారు ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు, దుగ్గిరాల లాకులు, తూములు, షట్టర్లు ఆయన జీవితం. నాకు మాత్రం వించి తిప్పుతుంటే భుజం పీకేస్తోంది, స్టిక్కరు గిక్కరు అంటారు గానీ ఏమవుతుందిలే అని డ్రిల్లు వైపు చూశాను. ఆయన వెంటనే, "వద్దు బాబూ, దాన్ని మిషన్‌తో తిప్పకు. మా షట్టర్లు దించేటప్పుడు అడుగున ఏ దుంగో అడ్డం పడితే ముందు షట్టరు తిప్పే లస్కరు చేతికే తెలిసేది, ఆపేసేవాడు. మిషనుకి ఏం తెలుస్తుంది?" అన్నారు. నిజమే. ఈ రకం బండిలో వించి నుంచి ఒకే తీగ కిందికి వెళ్లి, అక్కడి నుంచి నాలుగు మూలలకి చీలి, గొట్టాల్లో ఉన్న స్ప్రింగుల్ని నెడితే స్తంభాలు లేస్తాయి. పూర్తిగా లేచాక కూడా తిప్పుతూ పోతే తీగ తెగాలి, లేదా స్ప్రింగు వంకర పోవాలి. చేత్తో తిప్పితే ఆఖర్లో బిగుసుకోవడం తెలుస్తుంది. దించడం ఇంకా ముఖ్యం, ఎత్తేటప్పుడు వించి టిక్ టిక్‌మంటుంది, దించేటప్పుడు చప్పుడుండదు, లోపలున్న బ్రేకు బిళ్ల రాపిడి మీదే పైకప్పు బరువంతా ఆగుతూ దిగుతుంది. డ్రిల్లుతో గబగబా దించితే ఆ బిళ్ల కాలిపోయి పట్టు పోతుంది. కింద పిల్లలు తిరుగుతుంటారు, పైనుంచి కప్పు పడితే? ఇక డ్రిల్లు మాట ఎత్తలేదు, నేనూ మా ఆవిడా వంతులేసుకున్నాం. డ్రిల్లుతో తిప్పడానికే చేసిన వించిలు కూడా మార్కెట్లో ఉన్నాయి, మీ బండికి అది ఉంటే సరే, స్టిక్కరు చదవండి.

మాథర్ నుంచి డెజర్ట్ వ్యూ మీదుగా, కామెరాన్, పేజ్. పేజ్ ఊళ్లో ఒక ప్రైవేటు ఆర్‌వీ పార్కులో, అంటే ఇలాంటి బండ్లు ఆపుకునే చోట, ఆగాం. కాంక్రీటు నేల కాబట్టి దిమ్మెలు అక్కర్లేదు, ప్లగ్గు పక్కనే, డ్రిల్లు బ్యాటరీలు రెండూ నిండాయి, సెట్టింగ్ అన్నింటికంటే త్వరగా అయింది. అంతవరకే. పక్క బండి కిటికీ చెయ్యి చాపితే అందేంత దగ్గర, వాళ్ల టీవీ సౌండు మా గుడ్డ గోడలోంచి వినపడుతోంది, వేడినీళ్లు ఉన్నాయని చెప్పిన షవర్లలో సగం పనిచేయలేదు, ఆఫీసులో అడిగితే రేపు చూస్తామన్నారు. కట్టిన డబ్బుకి మాథర్ కంటే చాలా తక్కువ. మామయ్యగారికి మాత్రం పేజ్ బాగా నచ్చింది, 710 అడుగుల గ్లెన్ క్యాన్యన్ డ్యామ్ ముందు నిలబడి, 1963లో పూర్తయిన కాంక్రీటు ఆర్చి ఎలా నీటిని ఆపుతోందో మా పిల్లలకి క్లాసు పీకారు. నాగార్జునసాగర్ రాతి కట్టడమని చెప్పడం కూడా మర్చిపోలేదు.

అక్కడి నుంచి కనాబ్, మౌంట్ కార్మెల్ మీదుగా యూటాలోని జయాన్ నేషనల్ పార్క్. ఈ దారిలో 1930లో పూర్తయిన సొరంగం ఉంది, మైలు పైచిలుకు పొడుగు. ఎత్తు 11 అడుగుల 4 అంగుళాలు లేదా వెడల్పు 7 అడుగుల 10 అంగుళాలు ఉన్న బండ్ల నుంచీ పెద్దవాటి లెక్కలో వేస్తారు. పర్మిట్ తీసుకుంటే ట్రాఫిక్ ఆపి పంపేవాళ్లు, 2026 నుంచి పెద్ద బండ్లని ఆ దారిలోంచే తప్పించాలని పార్క్ నిర్ణయించింది. మామూలు ట్రావెల్ ట్రైలర్లు 8 అడుగుల వెడల్పుంటాయి కాబట్టి ఇక్కడే ఇరుక్కుంటాయి. పాప్-అప్ మడిస్తే ఎత్తూ లేదు, వెడల్పూ లేదు, కార్లతో పాటే దూసుకుపోయాం. చేతులు నొప్పి పుట్టేలా తిప్పిన కష్టానికి దక్కిన ఫలం ఇదొక్కటే అనుకున్నా చాలు.

జయాన్‌లో వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్ ట్రిప్పు మొత్తంలో బెస్ట్. కొన్ని లూప్‌లలో (సైట్ల వరసల్లో) సైట్‌కి కరెంటు ఉంది, అవి ముందే చూసి బుక్ చేసుకోవాలి, జనరేటర్లు ఇక్కడ అసలు ఒప్పుకోరు కాబట్టి చప్పుడు లేదు. పక్కనే వర్జిన్ నది, ఎర్రటి కొండ నెత్తిన నిలబడ్డట్టుంటుంది, విజిటర్ సెంటర్‌కీ షటిల్‌కీ నడిచే పోవచ్చు. స్ప్రింగ్‌డేల్ ఊరు కూడా దగ్గరే. షవర్లు మాత్రం లేవు, ఊళ్లోకి పోయి డబ్బులిచ్చి చేయాలి, అత్తయ్యగారు ఇక్కడ మార్కులు తగ్గించారు. నేల మెత్తటి ఎర్ర ఇసుక. డ్రిల్లుతో జాకీ దించుతుంటే శబ్దం బరువెక్కదు, పాదం ఇసుకలోకి దిగిపోతూనే ఉంటుంది, అలాగే నొక్కుకుంటూ పోతే జాకీ మర చివరికొచ్చేస్తుంది. ఒక్కో మూల కింద చెక్కముక్క వేస్తే సరిపోయింది. సాయంత్రం గాలి లేచిందంటే గుడ్డ గోడలు టపటపా కొట్టుకుంటాయి, మూలలు గట్టిగా ఉండటం అప్పుడు పనికొచ్చింది. పని అయ్యాక సాకెట్లోనూ జాకీ మరలోనూ ఇసుక దులపండి, లేకపోతే మడిచేటప్పుడు కరకరమంటూ పట్టేస్తుంది.

చివరి బస బ్రైస్ క్యాన్యన్ పార్క్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నార్త్ క్యాంప్‌గ్రౌండ్, సన్‌రైజ్ పాయింట్‌కి నడిచి పోయేంత దగ్గర, ఆ వ్యూ కోసం ఎన్ని కష్టాలైనా పడొచ్చు. దాదాపు 8,000 అడుగుల ఎత్తు, అక్టోబరు రాత్రులు నీళ్లు గడ్డకడతాయి, సైట్లకి కరెంటు లేదు, చాలావరకు ఏటవాలు. దిమ్మెలన్నీ వాడినా చాలక ఇంకో సైట్ వాళ్లని అడిగి తెచ్చుకున్నాం. రాత్రి బయట వదిలిన బ్యాటరీ పొద్దున్న రెండు మూలలు తిప్పగానే నీరసించింది, చలికి లిథియం బ్యాటరీలు అంతే, రెండోది దుప్పట్లో పెట్టి ఉంచాం కాబట్టి మిగతావి అయ్యాయి. చేతి హ్యాండిల్ ఎప్పుడూ బండిలోనే ఉండాలి, డ్రిల్లు ఉంది కదా అని ఇంట్లో వదిలి రావద్దు.

తిరిగి అప్పగించేటప్పుడు ఓనరు అన్నింటికంటే ముందు వించి తీగనే చూశాడు, తర్వాత పైకప్పు ఒకసారి ఎత్తి దించి, డిపాజిట్ అక్కడికక్కడే వెనక్కి పంపేశాడు. ఆయన దగ్గర మళ్లీ తీసుకుంటాం, కానీ ఎల్లోస్టోన్‌కి కాదు. అక్కడ ఫిషింగ్ బ్రిడ్జ్ అనే ఆర్‌వీ పార్కులో ఎలుగుబంట్ల మూలంగా గుడ్డ గోడల బండ్లని రానివ్వరు, కాబట్టి వచ్చే వేసవికి గట్టి గోడల ట్రైలర్ చూస్తున్నాం. వాటి మూల జాకీలకి కూడా ఎక్కువగా ఇదే ముప్పావు అంగుళం నట్టు, సాకెట్ ఒకటి కొని గ్యారేజీలో పెట్టాను.