ప్లగిన్లకు సర్వీస్‌లోడర్, వైరింగ్‌కి జ్యూస్: చాన్నాళ్లు వాడాక

జావా 6 నుంచీ జావాతోనే వస్తున్న సర్వీస్‌లోడర్ ప్లగిన్లు (ప్రోగ్రామ్‌కి విడిగా తగిలించే భాగాలు) వెతకడానికి భేషుగ్గా ఉంటుంది. డిపెండెన్సీ ఇంజెక్షన్ (ఆబ్జెక్టుకి కావలసినవి బయటినుంచి అందించడం, అదే వైరింగ్) పని మాత్రం దానిమీద వేయొద్దు. ఆర్గ్యుమెంట్లు లేని పబ్లిక్ కన్‌స్ట్రక్టర్ ఉంటే ఆబ్జెక్టు చేసి చేతికిస్తుంది, అంతే. ఆ ఆబ్జెక్టుకి కావలసిన డేటాబేస్ కనెక్షనూ, సెట్టింగులూ ఎవరు అందిస్తారన్నది దానికి పట్టదు.

ఎక్కువ టైమ్ తినేసేది జావా 9 మాడ్యూళ్లతో. వాడేవైపు మాడ్యూల్-ఇన్ఫోలో (మాడ్యూల్ వివరాలు రాసే ఫైలు) ఫలానా సర్వీస్ వాడతానని చెప్పే ‘యూజెస్’ మర్చిపోతే సర్వీస్‌కాన్ఫిగరేషన్‌ఎర్రర్ వస్తుంది. ఏ మాడ్యూల్లో మర్చిపోయారో మెసేజ్‌లోనే ఉంటుంది కాబట్టి నయం. అందించేవైపు, ఆ సర్వీస్ ఇస్తానని చెప్పే ‘ప్రొవైడ్స్’ మర్చిపోతే ఎర్రరే ఉండదు. దొరికిన ప్లగిన్ల మీద తిరిగే లూప్ ఒక్కసారి కూడా తిరగదు, ప్రోగ్రామ్ ఏమీ ఎరగనట్టు ముందుకెళ్తుంది. మాడ్యూళ్లు రాకముందు పద్ధతిలో, మెటా-ఇన్ఫ్ కింద సర్వీసెస్ ఫోల్డర్లో ప్లగిన్ పేరు రాసిన ఫైలు పెట్టాం కదా అంటారా? జార్‌లో (కంపైలైన కోడ్ కట్ట) మాడ్యూల్-ఇన్ఫో ఉండి, ఆ జార్ మాడ్యూల్ పాత్‌లో (జావా మాడ్యూళ్లు వెతికే చోటు) ఉంటే ఆ ఫైలుని అసలు చూడదు. అదే జార్ క్లాస్‌పాత్‌లో (పాత పద్ధతిలో క్లాసులు వెతికే చోటు) ఉంటే మళ్లీ ఆ ఫైలే లెక్క. టెస్టులు క్లాస్‌పాత్‌లో, అసలు అప్లికేషన్ మాడ్యూల్ పాత్‌లో నడిస్తే టెస్టులన్నీ పచ్చగా ఉండి, ప్రొడక్షన్‌లో ప్లగిన్ మాయమయ్యేది ఇందుకే. మాడ్యూల్-ఇన్ఫోలోనూ, ఆ ఫైలులోనూ రెండుచోట్లా రాసుకోండి.

ఇంకోటి: ప్లగిన్ లోడ్ కాకపోతే వచ్చే సర్వీస్‌కాన్ఫిగరేషన్‌ఎర్రర్ పేరుకు తగ్గట్టే ఎర్రర్, ఎక్సెప్షన్ కాదు. ‘క్యాచ్ ఎక్సెప్షన్’ దాన్ని పట్టుకోదు, ఒక్క పాడు ప్లగిన్ మొత్తాన్ని పడగొడుతుంది. జేలింక్‌తో (కావలసిన మాడ్యూళ్లతోనే చిన్న జావా రన్‌టైమ్ కట్టే టూల్) ఇమేజ్ కడితే ప్రొవైడర్లు, అంటే సర్వీస్ అందించే మాడ్యూళ్లు, వాటంతట అవి లోపలికి రావు. ‘బైండ్-సర్వీసెస్’ పెడితే అక్కర్లేనివి కూడా వచ్చి ఇమేజ్ ఉబ్బుతుంది. కావలసిన మాడ్యూళ్లను ‘యాడ్-మాడ్యూల్స్’లో పేరుపేరునా ఇవ్వడం మేలు.

వైరింగ్‌కి గూగుల్ వాళ్ల డిపెండెన్సీ ఇంజెక్షన్ లైబ్రరీ జ్యూస్ (స్పెల్లింగ్ చూసి చాలామంది గైస్ అనేది దీన్నే). ప్రతి ప్లగిన్ ఒక జ్యూస్ మాడ్యూల్‌ని (జావా 9 మాడ్యూల్ కాదు, ఏ ఇంటర్‌ఫేస్‌కి ఏ క్లాస్ ఇవ్వాలో చెప్పే క్లాస్) సర్వీస్‌గా అందించాలి. సర్వీస్‌లోడర్ ఇటరబుల్ (లూప్‌లో ఒక్కొక్కటిగా తీసుకోగలిగేది) కాబట్టి దాన్ని నేరుగా జ్యూస్‌ని మొదలుపెట్టే క్రియేట్‌ఇంజెక్టర్‌కి ఇస్తే సరిపోతుంది, మధ్యలో లిస్టు అక్కర్లేదు. జావా 9లో జావా.ల్యాంగ్‌లోకీ మాడ్యూల్ అనే క్లాస్ వచ్చింది. జ్యూస్ ప్యాకేజీని స్టార్‌తో ఇంపోర్ట్ చేస్తే ఏ మాడ్యూలో తేలక కంపైలర్ ఆగిపోతుంది, పూర్తి పేరుతో ఇంపోర్ట్ చేయండి. ప్రైవేట్ ఫీల్డుల్లోకి ఇంజెక్ట్ చేస్తే ఆ ఫీల్డులున్న ప్యాకేజీని మాడ్యూల్-ఇన్ఫోలో జ్యూస్‌కి ‘ఓపెన్స్’ చేయాలి. రెండు ప్లగిన్లు ఒకే ఇంటర్‌ఫేస్‌ని బైండ్ చేస్తే స్టార్టప్‌లోనే క్రియేషన్‌ఎక్సెప్షన్. అక్కడ ఒకే ఇంటర్‌ఫేస్‌కి చాలా క్లాసుల్ని సెట్‌గా చేర్చే మల్టీబైండర్ వాడాలి.