డిసెంబరులో ‘పచ్చి హాప్స్’ అంటే నమ్మి డబ్బు పోగొట్టుకున్నాను, మీరు నమ్మకండి

నిన్న సాయంత్రం 23 లీటర్ల బీరును స్నానాల గది తూములో పోసేశాను. ఇల్లంతా ఇంకా ఆ కంపే. కోపం తగ్గాక రాద్దామని రాత్రంతా ఆగాను. తగ్గలేదు. అమ్మినవాడి పేరు రాయను. తెలుగులో మాట్లాడుతూ ఇంటి బీరు కిట్లు, హాప్స్ (బీరుకు చేదు, సువాసన ఇచ్చే తీగ పువ్వులు) పార్సిల్ చేసేది ఎవరో వాటికోసం వెతికినవాళ్ళకు తెలిసే ఉంటుంది.

మాది ఒడిశాలోని రాయగడ. ఈ సరుకు ఇక్కడ ఏ దుకాణంలోనూ దొరకదు. కిట్ అంటే ఇంట్లో బీరు పెట్టుకునే సరంజామా: 1.7 కిలోల మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) పాకం డబ్బా, మూత కింద పులియబెట్టే ఈస్ట్ పొట్లం. చక్కెర, నీళ్ళు మనం కలుపుకోవాలి. ఆ పాకంలో హాప్స్ చేదు ముందే ఉంటుంది, సువాసన మాత్రం ఉండదు. పులియడం నెమ్మదించాక హాప్స్ వేసి నాలుగైదు రోజులు నాననిస్తే రుచే మారిపోతుందని చదివాను. గది 20 డిగ్రీల చుట్టూ నిలిచేది మాకు చలికాలంలోనే కనుక డిసెంబరులో మొదలుపెట్టాను.

ఫోను చేస్తే, ‘అన్నయ్యా, హిమాచల్‌లో లాహౌల్ తోటల్లో పోయిన వారమే కోసిన పచ్చి హాప్స్ ఉన్నాయి, మీకోసం తీసి పెడతాను’ అన్నాడు. అనుమతి ఏమైనా కావాలా అని కూడా అడిగాను. ‘ఇంటి వాడకానికి ఏ అనుమతీ అక్కరలేదు, ధైర్యంగా చేసుకోండి’ అన్నాడు. ఒడిశాలో ఉండే మనకు ఫోనులో అవతల తెలుగు వినిపిస్తే సగం నమ్మకం అక్కడే కుదిరిపోతుంది. పచ్చివైతే ఎండువాటికి ఐదారు రెట్లు తూచి వేయాలట. 300 గ్రాములకు 2,700 రూపాయలు ముందే పంపేశాను.

ఒక్క నిమిషం ఆలోచించి ఉండవలసింది. లాహౌల్‌లో హాప్స్ పండే మాట నిజమే, కానీ కోత ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో. చలికాలంలో ఆ లోయ మంచు కింద ఉంటుంది. తీగ నేల దాకా ఎండిపోయి వేరు మాత్రం మిగులుతుంది. పోనీ న్యూజిలాండ్ నుంచి తెప్పించాడనుకుందామంటే అక్కడ కోత మొదలయ్యేది ఫిబ్రవరి చివర. పైగా పచ్చి హాప్స్‌లో ముప్పాతిక వంతు నీరే, కోసిన ఒకటి రెండు రోజుల్లో వాడేయాలి. మా ఊరికి పార్సిల్ చేరడానికే ఆరు రోజులు పట్టింది. తెల్లవారుజామున దించిన జీలుగు కల్లు మధ్యాహ్నానికి ఎలా పులిసిపోతుందో చూస్తూ పెరిగినవాణ్ణి. తాజా అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పాలా?

మామూలు ప్లాస్టిక్ కవరు. గాలి తీసి మూసింది కాదు, మీద తేదీ లేదు. కదిపితే ఎండుటాకుల గలగల. మంచి హాప్ పువ్వు ఎండినా ఆకుపచ్చగానే ఉంటుంది. రేకులు విడదీస్తే మొదళ్ళలో పసుపుపచ్చని పొడి వేళ్ళకు జిగురుగా అంటుతుంది, నిమ్మతొక్క నలిపినట్టు వాసన వస్తుంది. నేను విడదీసిన పువ్వు ఎండిన బీడీ ఆకు రంగులో ఉంది. పొడి గోధుమ రంగుకు తిరిగి కవరు అడుగున చేరింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వానలో తడిసి ఆరని మేజోళ్ళ కంపు. హాప్స్‌లోని చేదు ఆమ్లాలకు గాలి, వేడి తగిలి అవి పాతబడితే ఐసోవాలరిక్ ఆమ్లం పుడుతుందని, ఆ కంపు దానిదేనని తరువాత తెలిసింది. ఆ రోజు ఫొటో పంపి అడిగితే, ‘పచ్చివాటి వాసన అలాగే ఉంటుంది అన్నయ్యా, బీరులో పడ్డాక సర్దుకుంటుంది’ అని రాశాడు. పలుచని గుడ్డలో మూటకట్టి 300 గ్రాములూ నా చేతులతో నేనే దించాను. ఎండు హాప్స్ అయితే 50 గ్రాములు చాలేది. ముక్కు చెబుతున్నా వినకుండా ఆ మూట దించినందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. సంక్రాంతికి వచ్చే తమ్ముడికి మొదటి గ్లాసు ఇవ్వాలని ఎంత ఆశపడ్డానో.

నాలుగో రోజు మూత తీస్తే బీరంతా అదే కంపు. అమ్మినవాడికి మర్యాదగానే ఫోను చేశాను. కిట్ డబ్బులు అడగలేదు, హాప్స్ డబ్బులు మాత్రం తిరిగి ఇమ్మన్నాను. కాసేపు మాట లేదు. తరువాత, ‘అనుమతి లేకుండా ఇంట్లో బీరు పెట్టింది నువ్వు. పార్సిల్ మీద నీ చిరునామా రాసింది నేను. అదే చిరునామా ఎక్సైజ్ వాళ్ళకు ఇవ్వమంటావా?’ అన్నాడు. నిన్నటి దాకా మాటకు ముందొకసారి, వెనకొకసారి ‘అన్నయ్యా’ అన్న గొంతే అది. నా చెయ్యి వణికింది. పక్కనే ఉన్న మా ఆవిడ ఏమైందని అడిగితే జవాబు రాలేదు.

బెదిరింపే కావచ్చు, కానీ అందులో నిజముంది. మద్యం రాష్ట్రాల పరిధిలోని విషయం. ఒడిశాలో అనుమతి లేకుండా బీరు తయారుచేయడం నేరమే. అడిగి తెలుసుకోవలసింది అమ్మేవాణ్ణి కాదు, ఎక్సైజ్ కార్యాలయాన్ని. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. కానీ అతనికి ఆ సంగతి మొదటి రోజే తెలుసు. తెలిసే అక్కరలేదన్నాడు, రేపు నేను నోరెత్తకుండా ఉండడానికి. పాత సరుకు అంటగట్టినందుకు కన్నా నాకు మంట దీనికే.

కొనేవాళ్ళు ముందు అనుమతి సంగతి తేల్చుకోండి. ఆ తరువాత గాలి తీసి మూసిన ప్యాకెట్టే అడగండి, కోత ఏ సంవత్సరానిదో ఫోనులో కాకుండా రాతలో చెప్పమనండి. పోయిన వారం కోత అన్న మాట నాకు ఫోనులోనే చెప్పాడు. రాతలో మిగిలింది ‘సర్దుకుంటుంది’ అన్నది ఒక్కటే.