ఎడ్జ్‌తో పదమూడేళ్లు: ఫోను మోగితే ఆగిపోయిన మెయిలు

విశాఖ ఓడరేవులో నేను తయారుచేసిన రిపోర్టులు 2007 చివరి నుంచి 2011లో 3జీ వచ్చేదాకా 2జీ మీదుగానే వెళ్లాయి, 2020లో మళ్లీ అదే 2జీ ఎదురైంది. ఓడ ఎంత మునిగిందో చూసి, అందులోకి ఎక్కిన ఇనుప ఖనిజం ఎన్ని టన్నులో లెక్కగట్టే డ్రాఫ్ట్ సర్వే నా వృత్తి. లోడింగు ముగిసిన కొద్దిసేపటికే లెక్కల కాగితమూ, ఓడ పక్కన ఉండే మునక గుర్తుల ఫోటోలూ ఎగుమతిదారుకు, ఓడ ఏజెంటుకు మెయిలులో చేరాలి. అందువల్ల 2జీ ఫోనులో ఇంటర్నెట్ ఇచ్చే జీపీఆర్ఎస్ దానికంటే వేగమైన ఎడ్జ్‌గా, ఎడ్జ్ 3జీగా మారడాన్ని పాటలు దించుకునేవాడిగా కాక, ఫైళ్లు పంపేవాడిగా చూశాను. ఆ మార్పులలో మెచ్చుకోవలసినది చాలా ఉంది. కాల్ వస్తే డేటా ఆగిపోవడం అనే ఒక్క విషయంలో మాత్రం నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

మెచ్చుకోలు ముందు చెబుతాను. ఒకరోజు ఉదయం ఫోను తెరపై మూలన జీపీఆర్ఎస్‌కు గుర్తుగా ఉండే ‘జీ’ అక్షరం, ఎడ్జ్ గుర్తు ‘ఈ’గా మారింది. సిమ్ మారలేదు, కొత్త టవరు లేవలేదు, నెలవారీ ఖర్చు పెరగలేదు. అంతకు కొన్ని నెలల క్రితమే ఎడ్జ్ ఉన్న హ్యాండ్‌సెట్ కొని, ఆ సౌకర్యం ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తున్న నాకు అది పండుగే. 2జీ పద్ధతైన జీఎస్ఎం వాడే 200 కిలోహెర్ట్జ్ వెడల్పు గల తరంగపు పట్టీనీ, దానిని ఎనిమిది టైమ్ స్లాట్లుగా, అంటే సమయపు ముక్కలుగా పంచుకునే పద్ధతినీ ఉన్నవి ఉన్నట్టుగానే ఉంచి, ఒక్కొక్క సంకేతానికి ఒక బిట్టును మోసే జీఎంఎస్‌కే స్థానంలో మూడు బిట్లు మోసే 8-పీఎస్‌కే పద్ధతిని తీసుకురావడమే ఎడ్జ్ చేసిన అసలు పని. టవరు కింది పెట్టెలో దానికి తగిన ట్రాన్స్‌సీవర్లు (సంకేతాలు పంపి అందుకునే పరికరాలు), సాఫ్ట్‌వేరు ఉంటే చాలు. కొత్త స్పెక్ట్రం కొననవసరం లేదు. పాత ఇంటి గోడలు కదపకుండా పైన మూడంతస్తులు వేసినట్టుండే ఈ పొదుపు నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

అయితే ప్రకటనల్లో కనిపించిన వేగమంతా డౌన్‌లోడ్ వేగమే. నా ఫోను మల్టీస్లాట్ క్లాస్ 10 రకానిది కాబట్టి, కిందికి గరిష్ఠంగా నాలుగు స్లాట్లు దొరికితే పైకి రెండే దొరుకుతాయి. జీపీఆర్ఎస్‌లో సాధారణంగా వాడే సీఎస్-2 పద్ధతిలో ఒక స్లాటుకు సెకనుకు 13.4 కిలోబిట్లు కనుక, రెండు స్లాట్లకు కలిపి 26.8 మాత్రమే. నా రిపోర్టు ఫోటోలతో సహా ఒకటిన్నర మెగాబైట్లు ఉంటే, మెయిలుకు జతచేసేసరికి ఆ ఎన్‌కోడింగులో మూడో వంతు పెరిగి రెండు మెగాబైట్లయ్యేది. ఏ ఆటంకమూ లేకపోయినా దానికి పది నిమిషాలు పట్టాలి. ఎడ్జ్‌లో ఒక స్లాటు గరిష్ఠ వేగం 59.2 కాబట్టి అదే మెయిలు రెండుంబావు నిమిషాలలో వెళ్లాలి. నిజానికి నాకు నాలుగైదు నిమిషాలు పట్టేది, అదీ నాకు అద్భుతమే. ఫోనును కేబులుతో ల్యాప్‌టాప్‌కు తగిలించి స్టార్ 99 హ్యాష్ డయల్ చేస్తే, విండోస్ మాత్రం 460.8 కేబీపీఎస్‌తో కనెక్టయినట్టు గర్వంగా చూపేది. అది కేబులు పోర్టు వేగమే గానీ నెట్‌వర్కు వేగం కాదని తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

ఇక ఆ రాత్రి సంగతి. అవుటర్ హార్బరులో ఒక ఓడ లోడింగు అర్ధరాత్రి దాటాక ముగిసింది. ఆరు చోట్ల మునక గుర్తులు చదివి, రేవు నీటి సాంద్రత చూసి, చీఫ్ ఆఫీసరుతో కూర్చుని లెక్క తేల్చేసరికి రెండు గంటలైంది. ఓడ లోపలి గదులన్నీ ఉక్కు గోడలే గనుక సిగ్నలు ఒక్క గీత కూడా ఉండదు. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మెట్లెక్కి బ్రిడ్జి పక్కన గాలికి తెరిచి ఉండే వరండాలోకి వెళ్లి, ఫోనును కేబులుతో సహా ఊచల మీద ఊరివైపు తిప్పి పట్టుకున్నాను. ఖనిజపు ఎర్ర దుమ్ము కీబోర్డు మీద పొరలా పేరుకుంటోంది. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో నీలం గీత మూడొంతులు నిండింది. ఫోను మోగింది.

ఏజెంటు దగ్గర పనిచేసే కుర్రవాడు. “సార్, రిపోర్టు ఇంకా రాలేదండీ. పైలట్ ఎక్కే టైమైపోతోంది.” పైలట్ అంటే ఓడను రేవు దాటించేవాడు. “నువ్వు ఫోను పెట్టేస్తే వస్తుంది బాబూ,” అన్నాను. అతనికి అర్థం కాలేదు. ఎందుకు ఆలస్యమవుతోందో చెప్పమని మర్యాదగానే పట్టుబట్టాడు. ఆ మాటలు ముగిసేసరికి మెయిలు సర్వరు ఎదురుచూసి ఎదురుచూసి విసిగి తెంచుకుంది, గీత మళ్లీ సున్నాకు వచ్చింది. రెండోసారి సగం వెళ్లాక ఎగుమతిదారు స్వయంగా ఫోను చేశారు. పెద్దాయన, కట్ చేయలేను. మూడోసారి మళ్లీ కుర్రవాడే. మెయిలు ఎందుకు రాలేదని అడిగే ప్రతి కాలూ ఆ మెయిలునే చంపుతోందని ఇద్దరిలో ఎవరికీ చెప్పి ఒప్పించలేకపోయాను. చివరికి ల్యాప్‌టాప్‌లోని ఫైలును పెన్‌డ్రైవులోకి ఎక్కించి, కిందికి దిగి, మోటారు సైకిలు మీద వన్ టౌనులోని ఏజెంటు ఆఫీసుకు నేనే వెళ్లి ఇచ్చాను. అంతదూరం వెళ్లిరావడానికి పట్టిన సమయం ఆ మూడు ప్రయత్నాల సమయం కంటే తక్కువ.

తప్పు నెట్‌వర్కుదని అప్పట్లో అందరినీ తిట్టాను గానీ, సంగతి అంత సూటిగా లేదు. నా చేతిలోనిది క్లాస్ బీ హ్యాండ్‌సెట్. అది మాటకూ డేటాకూ రెండింటికీ చెవి ఒగ్గుతుంది గానీ, ఒక సమయంలో ఒక్క పనే చేస్తుంది. మాట వస్తే డేటాను పక్కన పెడుతుంది. కాల్ చిన్నదైతే డేటా ఆగినచోటి నుంచే మొదలవుతుంది, పెద్దదైతే అవతలి సర్వరు ఊరుకోదు. రెండూ ఒకేసారి సాగించే డ్యూయల్ ట్రాన్స్‌ఫర్ మోడ్ ప్రమాణాలలో ఉంది, నా ఫోనులో లేదు. మూడింతల వేగం ఇవ్వడానికి అంత తెలివి ఖర్చుపెట్టినవారు ఈ ఒక్క ముడిని మామూలు ఫోన్లలో ఎందుకు విప్పలేదన్నదే నా ఉక్రోషం.

నేను కనిపెట్టుకున్న ఉపాయం కాల్ డైవర్టు. మెయిలు పంపే ముందు స్టార్ స్టార్ 21 స్టార్ నొక్కి, ఇంటి నంబరు కొట్టి, హ్యాష్ నొక్కితే కాల్ నా ఫోను దాకా రాకుండానే ఇంటికి వెళ్తుంది కాబట్టి డేటా సాఫీగా సాగుతుంది. దాని ధర వేరు. హ్యాష్ హ్యాష్ 21 హ్యాష్ కొట్టి డైవర్టు తీసేయడం మరిచిపోయిన రాత్రులలో ఏజెంట్లూ, సరుకు ఎక్కించే స్టీవ్‌డోర్లూ, ఒకసారి ఒక విదేశీ కెప్టెనూ మా ఆవిడను నిద్రలేపారు. “మీ ఓడ బయల్దేరిందట,” అని ఆమె తెల్లవారి కాఫీతోపాటు చెప్పిన రోజులు ఉన్నాయి.

పైన చేసిన మెచ్చుకోలును కూడా కొంత సవరించాలి. మూడు బిట్ల పద్ధతికి శుభ్రమైన సిగ్నలు కావాలి. సిగ్నలు పలచబడితే ఎడ్జ్ తనంతట తాను తన వేగపు మెట్లలో ఎంసీఎస్-4, ఆ కింది మెట్లకు దిగుతుంది, ఆ మెట్లలో వాడేది పాత జీఎంఎస్‌కేనే. తెరపై ‘ఈ’ ఉన్నా లోపల నడిచేది ‘జీ’ వేగమే. ఒక పక్క డాల్ఫిన్స్ నోస్ కొండ, మరో పక్క ఖనిజపు గుట్టలు, చుట్టూ ఓడల ఉక్కు ఉన్న రేవులో నేను ఆ కింది మెట్ల మీదే ఎక్కువ కాలం గడిపాను. టవరుకు మాటలు ఎక్కువైన సాయంత్రాల్లో డేటాకు స్లాట్లే మిగలవు. నా పని రాత్రిపూటది కావడం నా అదృష్టం. ఎంవీపీ కాలనీలో టవరు నీడలో ఉండే మా తమ్ముడికి ఈ ఇబ్బందులేవీ తెలియవు, అతని లెక్కలో ఎడ్జ్ బంగారం.

హుద్‌హుద్ తుపాను సంగతి ఒక్క ముక్కలో చెప్పాలి. 2014 అక్టోబరు 12 తరువాత మా వీధిలో కొన్ని రోజులు ఏ అక్షరమూ కనిపించలేదు. మొదట తిరిగి వెలిగింది ‘ఈ’. ఆ రోజున దాని మీద కోపం గుర్తుకు రాలేదు.

2010 వేలం తరువాత ప్రైవేటు సంస్థల 3జీ నా దాకా 2011లో వచ్చింది. 3జీకి ఉన్న 5 మెగాహెర్ట్జ్ పట్టీ, దానిపై నడిచే హెచ్‌ఎస్‌పీఏ వేగం గురించి అందరూ మాట్లాడారు. నేను మాత్రం మెయిలు పంపుతూ ఏజెంటుకు ఫోను చేసి, “వెళ్తోంది చూడండి,” అని చెప్పి, గీత ఆగకుండా కదలడం చూశాను. ఆ రాత్రి డైవర్టు పెట్టలేదు. తరువాత 4జీ వచ్చినప్పుడు ఇది శాశ్వతమనుకున్నాను. కానీ 2020లో నా సిమ్ సంస్థ 3జీని తీసేసింది. నా 4జీ ఫోనుకు ఆ నెట్‌వర్కులో వోల్టీ (4జీ మీదనే కాల్ మాట్లాడే సౌకర్యం) అనుమతి లేకపోవడంతో, కాల్ వచ్చిన ప్రతిసారీ అది 2జీకి జారి, పైన మళ్లీ పాత ‘ఈ’ మొలిచి, డేటా ఆగిపోయింది. పదమూడేళ్ల తరువాత అదే రేవులో, దాదాపు అదే ఊచల దగ్గర, అదే ప్రశ్న: “సార్, రిపోర్టు ఇంకా రాలేదండీ?” వేరే హ్యాండ్‌సెట్ కొన్నాక గానీ ఆ బాధ తీరలేదు.

కాబట్టి ఎడ్జ్ బాగుందా అని అడిగితే, మీ పనేమిటని తిరిగి అడుగుతాను. చదవడానికి, వాట్సాప్‌లో నాలుగు మాటలకు, బ్యాంకు సందేశాలకు అది ఇప్పటికీ సరిపోతుంది, బొర్రా, అనంతగిరి ఘాటులో చాలాచోట్ల అదైనా దొరికితే చాలు. ఫైళ్లు పైకి పంపవలసినవారికి, అదే ఫోనులో మాట్లాడక తప్పనివారికి నేను సిఫారసు చేయను. రెండో ఫోను ఉంటే మాత్రం ఆ మాట వెనక్కి తీసుకుంటాను. నా కొత్త ఫోనులో కాల్ వస్తే డేటా ఆగదు, అయినా ఓడ ఎక్కే ముందు వేలు అలవాటుగా స్టార్ స్టార్ 21 దాకా వెళ్లి ఆగుతుంది.